అయ్యగారి మాట పడిపోయాక

మా ఆయన పాస్టరు. కోయిలకుంట్లకు దగ్గరలో, నల్లరేగడి చేల మధ్య ఉన్న ఒక ఊళ్ళో పద్నాలుగేళ్ళు వాక్యం చెప్పారు. ఆ పద్నాలుగేళ్ళూ ప్రతి ఆదివారం ఆడవాళ్ళ వరసలో మొదటి బల్ల మీద కూర్చుని నేను విన్నాను. విన్నాననే అనుకునేదాన్ని. నిజం చెప్పాలంటే సగం ప్రసంగాల్లో నా మనసు పొయ్యి మీద పెట్టి వచ్చిన పప్పు దగ్గర ఉండేది. శనివారం పొద్దుటి నుంచీ ఆయన ఆ ప్రసంగాన్ని గొణుక్కుంటూ ఇల్లంతా తిరిగేవారు. ఆదివారం గుళ్ళోకి వచ్చేసరికి నాకు అది పాతబడిపోయేది.

మా వైపు చర్చిని గుడి అనే అంటారు. మా ఊరి గుడి మందపాటి రాతి గోడలది, పైన నాపరాళ్ళ కప్పు. సంఘంలో అరవై ఇళ్ళుండేవి. అందులో పైగేరి, కిందిగేరి అని రెండు వీధులు. పైగేరి వాళ్ళకు తలా రెండు మూడెకరాల చేను ఉంది. కిందిగేరి వాళ్ళంతా కూలికి పోయేవాళ్ళు. పైగేరి వాళ్ళు ముందు కూర్చునేవారు, కిందిగేరి వాళ్ళు వెనక, తలుపు దగ్గర. ఎప్పుడో ఒక పెళ్ళిలో ఎవరో ఎవరినో బంతిలోంచి లేపారట. లేపిందెవరో, లేచిందెవరో మేం వెళ్ళేనాటికే ఎవరికీ సరిగ్గా తెలియదు. కానీ ఒక గేరి వాళ్ళు ఇంకో గేరిలో అన్నం తినేవాళ్ళు కాదు.

మొదటి ఏడాది ఆయన పెద్ద పెద్ద పుస్తకాలు చూసి ప్రసంగాలు రాసుకునేవారు. జనం మర్యాదగా వినేవారు, కొందరు మర్యాదగా నిద్రపోయేవారు. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర చేతులు కలుపుతూ నిలబడితే, కిందిగేరి ముసలమ్మ ఒకామె ఆయన చెయ్యి పట్టుకుని వదల్లేదు.

"అయ్యా, నువ్వు చెప్పిందంతా శానా బాగుండాది. అది యాడ జరిగింది?" అని అడిగింది.

"యెరూషలేములో జరిగిందమ్మా."

"ఓ, ఈడ కాదా" అని ఆమె చెయ్యి వదిలి వెళ్ళిపోయింది.

ఎగతాళి చేయడానికి ఆమె ఆ మాట అనలేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగింది. ఆ రోజు ఆయన భోజనం సరిగ్గా చేయలేదు. ఆ వారం నుంచే గురువారాలు మొదలయ్యాయి. గురువారం పొద్దున్నే బైబిలు, ఒక పలచటి నోటుపుస్తకం సంచిలో వేసుకుని జనం ఎక్కడుంటే అక్కడికి పోయేవారు. పప్పుశనగ చేలల్లోకి, నాపరాయి గనుల దగ్గరికి, సంగటి తినే వేళ చెట్టు కిందికి. రాబోయే ఆదివారం చదవాల్సిన భాగం అక్కడే చదివి వినిపించి, "మీకేమనిపిస్తాంది?" అని అడిగేవారు. తను ఏమీ చెప్పేవారు కాదు. వాళ్ళు అన్నది నోటుపుస్తకంలో రాసుకుని వచ్చేవారు.

నాకది నచ్చేది కాదు. "చదువుకున్నది మీరా, వాళ్ళా?" అని ఒకసారి అడిగాను.

"నేను చదువుకున్నా. వాళ్ళకు జరిగిండాది" అన్నారు.

ఆదివారం ఆ మాటలన్నీ ప్రసంగంలోకి వచ్చేవి. ఎవరి పేరూ చెప్పేవారు కాదు. "ఒకమ్మ అనింది", "ఒకప్ప అడిగినాడు" అనేవారు. అన్నది ఎవరై ఉంటారా అని జనం తలలు తిప్పి చూసుకునేవారు. మూర్ఛ వచ్చే కూతుర్ని ఇంట్లోనే దాచి పెట్టుకున్న ఒక తల్లి మాట అలాగే ఒకసారి ప్రసంగంలో వచ్చింది. అమ్మాయికి మూర్ఛ వచ్చిన పూట సాయానికి పిలవడానికి ఎవరూ లేరని ఆ తల్లి గనుల దగ్గర అందట. ఆయన పేరు చెప్పలేదు, జబ్బు పేరూ చెప్పలేదు. పిలవడానికి ఎవరూ లేరన్న ఒక్క ముక్కే చెప్పారు. తర్వాతి వారం నుంచి పైగేరి ఆడవాళ్ళిద్దరు ఆ ఇంటికి పోయి రావడం మొదలుపెట్టారు. వాళ్ళకెట్లా తెలిసిందో నాకు ఇప్పటికీ తెలియదు.

అన్ని ప్రసంగాలూ అంత మెత్తగా దిగలేదు. ఒకటి మాత్రం మమ్మల్ని ఏడాది పాటు ఏడిపించింది.

ఆ వారం రూతు కథ. అత్తతో పాటు పరాయి ఊరికి వచ్చిన విధవరాలు, కోత కోసేవాళ్ళ వెనక పరిగె ఏరుకుని బతుకుతుంది. చేను గలాయన ఆమె కోసం కొన్ని పిడికిళ్ళు కావాలనే జారవిడవమని పనివాళ్ళకు చెబుతాడు. మా ఆయన ఆ కథ చదివింది పప్పుశనగ పెరికే చేలో. అక్కడ కిందిగేరి ఆమె ఒకతి, మొగుడు పోయి ఇద్దరు ఆడపిల్లలతో ఉన్న మనిషి, విని, పెరికిన మొక్కలు కుప్ప మీద వేసిందట. తర్వాత, "అంత మంచి చేను యజమాని మా ఊర్లో లేడయ్యా. మొన్న పరిగె ఏరుకుంటే నా సంచి దులిపిచ్చుకున్న్యారు" అందట.

ఆమె సంచి దులిపించింది మా సంఘపెద్ద. పైగేరి మనిషి, మూడెకరాల రైతు. గుళ్ళో ఎప్పుడూ ముందు బల్ల మీద కూర్చునేవాడు, ఆరాధనకు గంట కొట్టేది కూడా అతనే. మనిషి చెడ్డవాడు కాదు. ఆ ఏడు వానల్లేక పంట సగమే వచ్చింది. నేల మీద రాలిన కాయ కూడా తనదే అనిపించి ఉంటుంది.

ఆదివారం మా ఆయన రూతు కథ చెబుతూ, "ఒక ఊర్లో ఒకమ్మ సంచి దులిపినారు. దాంట్లోంచి పిడికెడు కాయలు పడినాయి. ఆ పిడికెడు కాయల కోసం వంగినోడు దేవుని ముందర ఎంత వంగాల్నో" అన్నారు. ఎవరి వైపూ చూడలేదు. కానీ అందరూ ఒక్కరి వైపే చూశారు. సంఘపెద్ద లేచి, పాటల పుస్తకం బల్ల మీద పెట్టి, బయటికి నడిచాడు.

మధ్యాహ్నం మా ఇంటికి వచ్చాడు. లోపలికి రమ్మన్నా రాలేదు.

"నా పేరు పెట్టి గుళ్ళో అంటివి కదయ్యా" అన్నాడు.

"నీ పేరు నేను అనలేదప్పా."

"అననవసరమే ల్యా. ఊరంతా నా తట్టు చూసె. ఇంగ ఆ గుళ్ళో నేను కాలు పెట్టను."

అన్నట్టే పెట్టలేదు. క్రిస్మస్‌కు రాలేదు, ఈస్టరుకూ రాలేదు. అతను మానేస్తే అతని అన్నదమ్ముల ఇళ్ళు నాలుగూ మానేశాయి. మా ఆయన ప్రతి శనివారం అతని ఇంటికి పోయి అరుగు మీద కూర్చునేవారు. అతని భార్య చెంబుతో నీళ్ళు ఇచ్చేది. అతను లోపలి నుంచి బయటికి వచ్చేవాడు కాదు. గంట సేపు కూర్చుని తిరిగి వచ్చేవారు. "నలుగుర్ని ఒగచోట చేర్చల్లని మాట్లాడితే, ఉండే నలుగుర్ని చెదరగొడితి" అని నాతో ఒకసారి అన్నారు. నాకూ అట్లాగే అనిపించింది.

మళ్ళీ శనగ పెరికే రోజులొచ్చాయి. ఒక గురువారం ఆయన చేల నుంచి ముందుగానే ఇంటికి వచ్చారు. వచ్చి గడప మీద కూర్చుని చెప్పులు విప్పకుండా, "రెండు సాళ్ళు వదిలిపెట్టినాడు" అన్నారు. నాకు అర్థం కాలేదు. సంఘపెద్ద తన చేను గట్టు పక్కన రెండు సాళ్ళు పెరకకుండా వదిలేశాడట. ఎవరికీ ఏమీ చెప్పలేదట. ఆ మొగుడు పోయినామె పొద్దున్నే వచ్చి, చూసి, చాలాసేపు గట్టు మీదే నిలబడి, తర్వాత దిగి పెరుక్కుందట.

ఆ ఆదివారం అతను గుడికి వచ్చాడు. ముందు బల్ల మీద కూర్చోలేదు. మధ్యలో ఎక్కడో కూర్చున్నాడు. మా ఆయన ఆ రోజు ప్రసంగంలో దాని ఊసే ఎత్తలేదు. ఆ ఏడు ఈస్టరుకు రెండు గేరుల వాళ్ళూ గుడి ముందర ఒకే పొయ్యి మీద వండుకుని, ఒకే బంతిలో తిన్నారు. నేను వడ్డించాను. ఎవరు ఎక్కడ కూర్చున్నారని కూడా నేను గమనించలేదు. గమనించి ఉండాల్సింది.

ఆ తర్వాత నాలుగేళ్ళకు ఆయన మాట పడిపోయింది.

ఆదివారం పొద్దున. నేను వంటింట్లో తిరగమోత పెడుతున్నాను. ఆయన గుమ్మంలో నిలబడి, "గోడ ఇయ్యి" అన్నారు. నేను తిరిగి చూసి, "గోడా?" అన్నాను. "గోడ, గోడ ఇయ్యి" అన్నారు మళ్ళీ, చెయ్యి కుండ వైపు చూపిస్తూ. నాకు నవ్వొచ్చింది. ప్రసంగం గురించి ఆలోచిస్తూ మాట తారుమారైందనుకున్నాను. నీళ్ళు ముంచి ఇచ్చాను. సగం గడ్డం మీద కారాయి. ఆయన కుర్చీలో కూర్చున్నారు. నేను మళ్ళీ పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయాను. కూర దించాను, చీర మార్చుకున్నాను, తల దువ్వుకున్నాను. ఈలోపు గుళ్ళో గంట కొట్టారు. ఆయన లేవలేదు. ప్రార్థన చేసుకుంటున్నారనుకున్నాను.

రెండో గంట కొట్టాక సంఘపెద్ద పిలవడానికి వచ్చాడు. గుమ్మంలోనే ఆగిపోయి, "అమ్మా, అయ్యగారి మొగం చూడు. ఒగ తట్టుకు పొయ్యిండాది" అన్నాడు.

అతనే ఎవరిదో కారు తెప్పించాడు. నంద్యాల మీదుగా కర్నూలుకు తీసుకుపోయాం. దారంతా ఆయన తల నా ఒళ్ళో ఉంది, కళ్ళు తెరిచే ఉన్నాయి. ఆసుపత్రిలో డాక్టరు, "ఎప్పుడు మొదలైందమ్మా?" అని అడిగాడు. నేను అబద్ధం చెప్పాను. "వచ్చే ముందరే" అన్నాను. నవ్వుకుంటూ తల దువ్వుకున్నానని ఎట్లా చెప్పను. ఆ అబద్ధం వల్ల వైద్యంలో ఏమైనా తేడా జరిగిందేమో నాకు తెలియదు. ఎవర్నీ అడగలేదు. అడిగే ధైర్యం ఇప్పటికీ లేదు.

కుడి చెయ్యి పడిపోయింది. కుడి కాలు కొన్నాళ్ళకు ఈడ్చుకుంటూ నడిచేంతకు వచ్చింది. మాట రాలేదు. మనం అనేది ఆయనకు అర్థమవుతుందని, తిరిగి చెప్పే దారే మూసుకుపోయిందని డాక్టరు చెప్పాడు. ఒక్క మాట మాత్రం మిగిలింది. "అందుకని." ప్రసంగంలో ఒక విషయం నుంచి ఇంకో విషయానికి పోయేటప్పుడు ఆయన వాడే మాట. దాహమైనా అదే, నొప్పి పుట్టినా అదే. నేను గ్లాసు చూపించి, దుప్పటి చూపించి, కిటికీ చూపించి, ఒక్కొక్కటీ కాదంటుంటే ఇంకోటి వెతుక్కునేదాన్ని. కొన్నిసార్లు ఏదీ కాదు. ఆయన కళ్ళు మూసుకునేవారు. నేను చేతిలో ఉన్నది పట్టుకుని అట్లాగే నిలబడిపోయేదాన్ని.

కొత్త పాస్టరును పంపేదాకా నెలకొకసారి పక్కూరి పాస్టరు వచ్చి ప్రభు భోజన సంస్కారం ఇస్తాడని, మిగతా ఆదివారాలు ప్రార్థనలు చదువుకొమ్మని చర్చి పైఅధికారుల నుంచి కబురొచ్చింది. ఆసుపత్రి నుంచి వచ్చాక మొదటి ఆదివారం ఆయన గుడికి పోతానని చొక్కా చూపించారు. ముందు బల్ల మీద, నా పక్కనే, ఆడవాళ్ళ వైపు కూర్చోబెట్టాను. పాటలయ్యాయి. వాక్యం చదివారు. ప్రసంగం వేళ వచ్చింది. ఎవరూ కదల్లేదు. ప్రసంగ పీఠం ఖాళీగా ఉంది. ఎంతసేపు అట్లా కూర్చున్నామో.

సంఘపెద్ద లేచాడు. పీఠం దగ్గరికి పోలేదు, తన చోటే నిలబడ్డాడు. "నాకు వాక్యం చెప్పేకి రాదు. అయ్యగారు చెప్పింది ఒగటి గ్యాపకముండాది. అది చెప్తా" అని రూతు కథ మొదలుపెట్టాడు. పరిగె, సంచి, పిడికెడు కాయలు, అంతా చెప్పాడు. "ఆ పొద్దు అయ్యగారు నా పేరు పెట్టి, ఇదో ఈయప్పే అని చెప్పినాడు. నాకు కొట్టల్లని కోపమొచ్చె. కానీ చెప్పినాడు కాబట్టే నేను ఈ పొద్దు ఈడ ఉండా" అన్నాడు.

మా ఆయన ఎడమ చెయ్యి ఎత్తి ఊపడం మొదలుపెట్టారు. "అందుకని, అందుకని" అంటున్నారు, ముఖం ఎర్రబడింది. కాదంటున్నారని నాకు తెలుసు. పేరు పెట్టలేదని చెప్పాలని ఆయన తంటాలు పడుతున్నారు. ఆయన పద్నాలుగేళ్ళు కాపాడుకున్నది ఆ ఒక్కటే, ఎవరి పేరూ చెప్పకపోవడం. నేను లేచి ఆ ముక్క చెప్పాలి. లేవలేకపోయాను. గుళ్ళో నేను ఎప్పుడూ నోరు తెరిచి మాట్లాడలేదు. నా చుట్టూ ఉన్న ఆడవాళ్ళు, అయ్యగారికి దుఃఖం వచ్చిందనుకుని ఏడుస్తున్నారు.

అప్పుడు వెనక నుంచి ఆ మొగుడు పోయినామె లేచింది. "పేరు పెట్టలే అయ్యగారు. నీ పేరూ చెప్పలే, నా పేరూ చెప్పలే. నేను బాగ ఇనింటి" అంది.

గుళ్ళో పైగేరి మగమనిషితో కిందిగేరి ఆడమనిషి నేరుగా మాట్లాడటం నేను వినడం అదే మొదటిసారి. సంఘపెద్ద వెనక్కి తిరిగి ఆమెను చూశాడు.

"అట్లనా మ్మా? మరి నాకు నా పేరు ఇనపడిందే" అన్నాడు.

ఎవరో చిన్నగా నవ్వారు. తర్వాత అతనూ నవ్వాడు. మా ఆయన చెయ్యి దించి ఒళ్ళో పెట్టుకున్నారు.

ఆ తర్వాత ప్రతి ఆదివారం ఎవరో ఒకరు లేచి, అయ్యగారు ఎప్పుడో చెప్పిన ప్రసంగం ఒకటి తమకు గుర్తున్నట్టు చెప్పడం అలవాటైంది. ఒకరు చెబితే ఇంకొకరు, "అట్ల కాదు, నేను ఇనింది వేరే" అనేవారు. ఒకే ప్రసంగం పైగేరిలో ఒక రకంగా, కిందిగేరిలో ఇంకో రకంగా గుర్తుంది. వాదులాడుకునేవారు. ఆరాధన అయ్యాక కూడా గుడి బయట అరుగు మీద కూర్చుని ఆ మాటలే. పోయినోళ్ళ గురించి, పంట పోయిన ఏడు గురించి, ఎవరు ఏ రోజు ఎందుకు ఏడ్చారో దాని గురించి. ఆయన మధ్యలో కూర్చుని ఒక్కొక్కరి ముఖం చూస్తూ ఉండేవారు. తప్పు చెప్పినప్పుడల్లా నుదురు ముడతలు పడేది.

ఒక ఆదివారం, "అమ్మా, అందరూ చెప్తుండారు, నువ్వు గుడకా ఒగటి చెప్పు. నీకు తెల్సినన్ని మాకెవరికి తెల్సు" అన్నారు. లేచి నిలబడ్డాను. ఎంత వెతుక్కున్నా నాకు ఒక్క ప్రసంగమైనా మొదటి నుంచి చివరి దాకా గుర్తు రాలేదు. ఆయన నా వైపు చూస్తున్నారు. ఆ చూపులో కోపం లేదు, ఎదురుచూపే ఉంది. "వచ్చే వారం చెబుతా" అని కూర్చున్నాను. ఇంటికి పోయి నోటుపుస్తకాలన్నీ బయటికి తీశాను. వాటిలో ప్రసంగాలు లేవు. వాళ్ళ మాటలే ఉన్నాయి. ఎవరిదో కాలి పుండు, ఎవరిదో కూతురు, ఎవరో అడిగిన ప్రశ్న. వాటిని ప్రసంగంగా ఎట్లా కట్టేవారో అది ఆయన తలలోనే ఉండేది. ఇప్పుడు అక్కడికి నేను పోలేను, ఆయన బయటికి రాలేరు.

ఇంకో సంగతి జరిగింది. ఒక ఆదివారం ఒక పాత కీర్తన పాడుతుంటే ఆయన గొంతు వినబడింది. ముక్క ముక్క కాదు, కీర్తన అంతా మాటలతో సహా పాడారు. గుడి గుడంతా లేచి నిలబడింది. "అయ్యగారికి మాట వచ్చె" అని ఊరంతా పాకింది. పాట ఒక దారి, మాట ఇంకో దారి అని, మాట పోయినవాళ్ళు కూడా కొందరు పాడగలరని డాక్టరు ముందే చెప్పి ఉన్నాడు. ఇంటికి వచ్చి చూశాను కదా. "మంచినీళ్ళు అనండి" అంటే, "అందుకని" అన్నారు. ఆ మాట నేను అందరికీ చెప్పాను. ఎవరూ వినిపించుకోలేదు. "నమ్మమ్మా, నమ్మితే అవుతాది" అన్నారు. వాళ్ళు నా కంటే ఎక్కువ ఆశ పెట్టుకున్నారు. కాదనడానికి నేనెవర్ని అనిపించింది.

తర్వాతి ఆదివారం చుట్టుపక్కల ఊళ్ళ నుంచి కూడా జనం వచ్చారు. గుళ్ళో చోటు లేక కిటికీల దగ్గర నిలబడ్డారు. ఆయన పొద్దున్నే లేచి, ప్రసంగానికి వేసుకునే తెల్ల అంగీ చూపించారు. వద్దని చెప్పాను. మళ్ళీ చూపించారు. బొత్తాలు నేనే పెట్టాను. ఎన్నాళ్ళకో ఆయన ముఖంలో సంతోషం చూశాను. ఆ సంతోషం చూసి నాకు భయం వేసింది, అయినా బొత్తాలు పెడుతూనే ఉన్నాను.

ఇద్దరు పట్టుకుని పీఠం ఎక్కించారు. ఎడమ చేత్తో బైబిలు తెరిచారు. అందరినీ ఒకసారి చూశారు. "అందుకని" అన్నారు. ఆగారు. "అందుకని" అన్నారు మళ్ళీ, ఇంకొంచెం గట్టిగా. పెదవులు కదులుతున్నాయి, లోపల ఏదో పెద్దది ఉంది, అది రావడం లేదు. మూడోసారి అనలేదు. పీఠం అంచు పట్టుకుని నిలబడిపోయారు. ఎవరో ఆడమనిషి మెల్లగా, "ఆమేన్" అంది. సంఘపెద్ద పైకెక్కి ఆయన చంక కింద భుజం పెట్టి దించుకుని వచ్చాడు. బయటి ఊరివాళ్ళు వెళ్ళిపోతూ, ఇంట్లో వాళ్ళకు విశ్వాసం తక్కువైతే ఇట్లాగే అవుతుందని అనుకోవడం నాకు వినబడింది.

సంవత్సరం తిరిగేలోపు కొత్త పాస్టరును పంపారు. పాస్టరు ఇల్లు ఖాళీ చేయాలి కదా. మమ్మల్ని అక్కడే ఉండనివ్వమని సంఘపెద్ద పైవాళ్ళను రెండుసార్లు అడిగి వచ్చాడు. వాళ్ళూ ఏం చేస్తారు, వచ్చే మనిషికి ఇల్లు ఉండాలి. రెండు గేరుల వాళ్ళూ వచ్చి సామాను బండికెక్కించారు. కర్నూలు పక్కన కల్లూరులో మా చెల్లెలి ఇంటికి దగ్గరగా ఒక చిన్న వాటా తీసుకున్నాం.

వచ్చిన పాస్టరు మంచివాడు, చిన్న వయసువాడు. మేం బయల్దేరే ముందు, "అమ్మా, అయ్యగారు ఎట్ల చేస్తుండిరో నాకు చెప్పండి" అని అడిగాడు. గురువారాల గురించి చెప్పాను. ఒకటి రెండు వారాలు చేలకు పోయాడట కూడా. కానీ అతనికి నాలుగు ఊళ్ళు అప్పజెప్పారు. మోటారు సైకిలు మీద తిరిగి తిరిగి ఆదివారానికి మూడు చోట్ల ప్రసంగం చేయాలి. ఏం చేయగలడు. ప్రసంగం బాగానే చెబుతాడట, మైకు పెట్టించాడట. జనం లేచి గుర్తున్నది చెప్పుకునే పద్ధతి ఆరాధన క్రమంలో లేదు కాబట్టి అది ఆగిపోయింది. అతన్ని తప్పు పట్టడానికి నాకేమీ దొరకలేదు. ఎవర్నయినా తప్పు పట్టగలిగితే బాగుండేది.

కల్లూరులో మేం పోయే చర్చి పెద్దది. షేర్ ఆటోలో పోయి, ఫ్యాను కింద కూర్చుని, షేర్ ఆటోలో వస్తాం. ఆయన ఎవరో అక్కడ ఎవరికీ తెలియదు. కుడి చెయ్యి పనిచేయని ముసలాయన, అంతే.

మొన్న చలికాలంలో సంఘపెద్ద కంటి ఆపరేషనుకు కర్నూలు వచ్చి, మమ్మల్ని చూడడానికి కల్లూరు వచ్చాడు. కంటికి పచ్చ గుడ్డ కట్టుకుని ఉన్నాడు. కాఫీ ఇచ్చాను. తాగి గ్లాసు పక్కన పెట్టాడు. తర్వాత మా ఆయన కుర్చీ పక్కన నేల మీద కూర్చున్నాడు.

"అయ్యా, నా బిడ్డ పెండ్లయ్యె. నీకు కబురు చేస్తి, రాలేకపోతివి. పెండ్లిలో మా వియ్యంకుల తట్టోళ్ళు వచ్చి ముందర బంతిలో కూచుండ్రి. మన కిందిగేరోళ్ళు కూచోబోతే, మీరు తర్వాత అని అనిరంట. వాళ్ళు నిలబడుండేది నేను చూస్తి. ఆ పరిగె ఏరుకునే ఆమె గుడకా నిలబడుండె. నా నోట్లోంచి మాట రాలే అయ్యా. కొత్త సమ్మంధం కదా అని ఊరకుంటి. వాళ్ళు తినకుండానే పోయిరి. ఆ పొద్దు నుంచి కిందిగేరోళ్ళు గుళ్ళో మళ్ళా తలుపు దగ్గరికి పొయినారు. సగం మంది రానే రారు."

మా ఆయన ఎడమ చెయ్యి అతని తల మీద పెట్టారు.

అతను నా వైపు తిరిగాడు. "అమ్మా, ఒగ ఆదివారం అయ్యగార్ని తోల్కరా. మాట్లాడేది వద్దు. ఊరికే ముందర కూచుంటే చాలు. వాళ్ళు వస్తారు."

ఆయన అప్పుడే లేవడానికి కుర్చీ చెయ్యి పట్టుకున్నారు. కాలితో చెప్పులు వెతుక్కుంటున్నారు. నేను వద్దన్నాను. కొత్త పాస్టరు పీఠం మీద ఉండగా పాత పాస్టరును తెచ్చి ముందు కూర్చోబెడితే ఆ పిల్లవాడికి ఎట్లా ఉంటుంది అన్నాను. అది నిజమే. కానీ నా కళ్ళ ముందు ఉన్నది ఆ తెల్ల అంగీ, కిటికీల దగ్గర జనం. ఇంకోసారి అది నేను చూడలేను. ఆ మాట చెప్పలేదు. "నువ్వు కిందిగేరికి పొయ్యి ఆమెను అడగప్పా. అయ్యగారు నీ ఇంటికొచ్చి అరుగు మీద కూచోలేదా" అన్నాను.

"పోతి అమ్మా. రెండుసార్లు పోతి. నీళ్ళిచ్చింది. మాట్లాడలే" అన్నాడు.

సాయంత్రం బస్సుకు అతను వెళ్ళిపోయాడు. మా ఆయన ఆ రోజూ మర్నాడూ నా వైపు చూడలేదు. పొద్దున చెప్పులు తొడగబోతే కాలు వెనక్కి తీసుకున్నారు. నేను చేసింది సరైందో కాదో చెప్పగల మనిషి ఆయన ఒక్కరే.

పోయిన వారం ఆమె ఫోన్ చేసింది, ఆ మొగుడు పోయినామె. చిన్న కూతురి ఫోను నుంచి. అయ్యగారి ఆరోగ్యం అడిగింది, షుగరు అడిగింది. ఊరి సంగతేమిటని నేను అడిగాను.

"ఏముండాది మ్మా. కొట్లాడేదీ లేదు, మాట్లాడేదీ లేదు. అంతే" అంది. మళ్ళీ తనే, "ఆయప్ప వచ్చినాడు రెండుసార్లు. నాకు ఏమనల్లో తెలీలే. నేను నిలబడుండేది ఆయప్ప చూసినాడు మ్మా. చూసి తల తిప్పుకున్న్యాడు. అయ్యగారుంటే ఏమన్నా చెప్పుండు" అంది.

ఆయన ఏం చెప్పి ఉండేవారో నాకు తెలియదు. పద్నాలుగేళ్ళు విన్నాను, తెలియదు. ఆ మాట ఆమెతో అనలేక, "ఉండు, అయ్యగారికిస్తా" అని ఫోను ఆయన ఎడమ చెవికి ఆనించాను. ఆమె గొంతు సన్నగా వినబడుతూ ఉంది, మాటలు నాకు అందలేదు. చాలాసేపు చెప్పింది. ఆయన కళ్ళు మూసుకుని వింటూ, ఆమె ఆగినప్పుడల్లా తల ఊపుతున్నారు. తల ఊపితే అవతల ఆమెకు కనబడదని నాకు తెలుసు. చెప్పాలనిపించింది. చెప్పలేదు. చెయ్యి నొప్పి పుట్టేదాకా ఫోను అట్లాగే పట్టుకుని నిలబడ్డాను.